ఫ్రియాన్ గారికి సన్మాన పత్రం

శ్రుతి తెలియని గాయకులకూ ఛందస్సు తెలియని కవులకూ శాలువాలు కప్పుతున్న ఈ రోజుల్లో ఒక నిజమైన పెద్దమనిషికి అన్యాయం జరిగింది. ఆయన అసలు పేరు డైక్లోరోడైఫ్లోరోమీథేన్, వ్యాపార నామం ఫ్రియాన్-12, మెకానిక్కులకు ఆర్-12, వృత్తి ఫ్రిజ్‌లను చల్లబరచడం. రంగు లేదు, వాసన లేనట్టే, మండరు. ఇంతటి సాధుమూర్తికి ఒక్క దండ వేసిన వారు లేరు.

ఆయనకు ముందు ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ తిరిగేవి. గొట్టం కారితే వెన్నతో పాటు ఇంటిల్లిపాదీ చల్లబడేవారు. 1928లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం ఈ ఉపద్రవానికి విరుగుడుగా ఫ్రియాన్ గారిని రంగంలోకి దించింది. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, మనిషి నిలబడ్డాడు, సభ చప్పట్లు కొట్టింది. పెట్రోలులో సీసం కలిపితే బాగుంటుందని కనిపెట్టిందీ ఈ మహానుభావుడే. మనం పీల్చే గాలినీ మన నెత్తి మీది గాలినీ ఒక్కడే చూసుకున్నాడన్నమాట.

ఫ్రియాన్ గారు ఆరోగ్యానికి హాని చేస్తారనడం దుష్ప్రచారం. తలుపులు మూసిన గదిలో పెద్దమొత్తంలో కారితే, గాలి కన్నా బరువైనవారు కాబట్టి ఆక్సిజన్‌ను పక్కకు నెట్టి కూర్చుంటారు, అంతే. మరీ ఎక్కువగా పీలిస్తే గుండె లయ తప్పవచ్చు. ద్రవరూపంలో చేతి మీద పడితే చర్మం గడ్డకడుతుంది. నిప్పు తగిలితే ఫాస్జీన్ వంటి విషవాయువులుగా మారుతారు. ఇవి మినహా అజాతశత్రువు.

దేనితోనూ చర్య జరపకపోవడం, వానకు కరగకపోవడం ఆయన నైజం. శతమానం భవతి అని మనం ఊరికే దీవిస్తాం. ఆయన మాత్రం గాలిలో నిజంగానే నూరేళ్లు ఉంటారు. మెల్లగా ఆకాశంలో పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ చేరాక అతినీలలోహిత కిరణం తగిలి క్లోరిన్ ఊడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు, ఆ కిరణాల నుంచి మనల్ని కాచే ఓజోన్ అణువులను లక్ష దాకా మింగగలదు. తీరిక వేళల్లో భూమిని వేడెక్కించడంలో, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు పదివేల రెట్లు.

1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి రాస్తే, పరిశ్రమ పెద్దలు రుజువు అడిగారు. అడగడంలో తప్పేముంది? 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ చిల్లు రుజువుగా దొరికింది. 1987లో అమెరికా మంత్రి ఒకరు టోపీలూ నల్లకళ్లద్దాలూ చాలన్నట్టు పత్రికల్లో వచ్చింది (తానలా అనలేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు). చర్మ క్యాన్సర్‌కూ కంటి శుక్లాలకూ ఇంత చవకైన పథకం మరొకటి లేదు. దుక్కిటెద్దులకు కళ్లద్దాలు ఏ సైజులో కుట్టించాలన్నదొక్కటే తేలలేదు. ఆ లోపే దేశాలు తొందరపడి, ఓజోన్‌ను మింగే ఇలాంటి వాయువులకు కళ్లెం వేసే మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మనమూ 1992లో చేరాం. దక్షిణ ధ్రువం మీద ఓజోన్ 1980 నాటి స్థితికి రావడానికి 2066 ప్రాంతం కావచ్చని శాస్త్రవేత్తల అంచనా.

ఆయన మన ఇళ్లలో కొలువున్న రోజుల్లో ఫ్రిజ్ చల్లబడకపోతే మెకానిక్ వచ్చేవాడు. వెనక నల్లటి కంప్రెసర్ పక్కన గొంతుక్కూర్చుని రాగి గొట్టం కోసేవాడు. బుస్సుమని ఓ చప్పుడు, కాస్త నూనె వాసన. "పాత గ్యాస్ పోతోంది సార్, ఏమీ కాదు, గాల్లో కలిసిపోతుంది" అనేవాడు. కొత్త గ్యాస్‌కూ కూలికీ లెక్క కట్టి తీసుకునేవాడు. వదిలేసిన దానికి మాత్రం పైసా అడిగేవాడు కాదు.