రాజీనామా ఎందుకు రాయాలి?

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ దెబ్బ ముందు చెరువు గట్టున రొయ్యల కౌంట్ (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరలో కనబడింది. తర్వాత ప్రాసెసింగ్ ప్లాంటు గేటు దాకా వచ్చింది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతు చెరువులో రొయ్య పిల్లను వదలడానికి వెనకాడితే, ప్లాంట్లలో రొయ్యల తలలు వలిచే ఆడవాళ్లకు పని దినాలు తగ్గుతాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ పడిపోతే ఒంగోలు చుట్టూ పాలిషింగ్ యూనిట్లలో షిఫ్టులు తగ్గుతాయి. సుంకాల లెక్క ఎటు మారినా, ఆర్డర్లు తగ్గిన ప్రతిసారీ నడిచే తంతు ఒకటే. మనిషిని ఆఫీసు గదిలోకి పిలుస్తారు. ‘వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను’ అని ముందే టైపు చేసిన కాగితం ముందు పెడతారు. సంతకం పెడితేనే మిగిలిన జీతం, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అంటారు.

ఆ సంతకం ఖరీదెంతో లెక్క చూద్దాం. నెలకు 15 వేల జీతంతో ఆరేళ్లు పనిచేసిన కార్మికుణ్ని యాజమాన్యమే తొలగిస్తే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం సుమారు 45 వేలు. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే దాని బదులు మరో 15 వేలు. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) చందా కట్టిన వారికి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒకసారి ఇస్తారు. అది సుమారు 22,500. మొత్తం 82,500. తనంతట తానే మానేసినట్టు రాసిచ్చిన మనిషికి ఇందులో రూపాయి కూడా రాదు. గ్రాట్యుటీ మాత్రం ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా ఇవ్వాల్సిందే. దాన్నే పెద్ద మనసుతో ఇస్తున్నట్టు చూపి మిగతావి ఎగ్గొట్టడం మామూలైపోయింది.

మిగిలిన జీతానికి రాజీనామాతో ముడిపెట్టడం కూడా చెల్లదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా మానేసినా రెండు పని దినాల్లో బాకీ జీతం చెల్లించాలి. కాబట్టి తొందరపడి సంతకం పెట్టొద్దు. ‘తొలగిస్తుంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి’ అని అడగాలి. ఇవ్వకపోతే, ఫలానా తేదీన పనికి రావద్దన్నారని అదే రోజు మెయిల్ గానీ రసీదుతో రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపాలి. ఒత్తిడికి లొంగి ఇప్పటికే సంతకం పెట్టినవారు కూడా ఆ సంగతి యాజమాన్యానికీ కార్మిక శాఖ అధికారికీ వెంటనే రాయాలి. నెలలు గడిచాక రాస్తే ఎవరూ నమ్మరు.

కిలోల లెక్కన కూలి తీసుకునే మహిళలకు ఈ కాగితం బాధ కూడా లేదు. మేస్త్రీ ‘రేపట్నుంచి రావద్దు’ అంటే అంతే. పీఎఫ్ కోత ఉందో లేదో కూడా చాలామందికి తెలియదు. యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యుల నంబరు) లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ, నిల్వ మెసేజ్‌లో వస్తాయి. కూలిలో కోత పడుతున్నా ఖాతాలో జమ లేకపోతే మేస్త్రీతో పాటు ప్లాంటు యజమాని కూడా జవాబుదారీయే.

పీఎఫ్ డబ్బు ఆగిపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పీఎఫ్‌లో పొడి అక్షరమే ఉండటం, సంస్థ చివరి పని తేదీ నమోదు చేయకపోవడం ఎక్కువగా ఎదురయ్యేవి. ఆ తేదీ ఎక్కకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే పోర్టల్‌లో ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. నిల్వలో 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం ఏడాది తర్వాత తీసుకునేలా 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి నిర్ణయించింది. కానీ చేతికి వస్తుంది కదా అని మొత్తం ఊడ్చేయడం తెలివైన పని కాదు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడొచ్చు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. కొత్త ఉద్యోగం దొరికితే పాత ఖాతాను బదిలీ చేసుకోవడమే మేలు.

ఇక వాయిదాలు. ఈఎంఐ ఒకసారి బౌన్స్ అయితే బ్యాంకూ, అప్పిచ్చిన సంస్థా విడివిడిగా చార్జీ వేస్తాయి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కిందికి పోతుంది. అంతదాకా రానివ్వకుండా మొదటి వాయిదా తప్పకముందే గడువు పెంచమని లెటర్ ఇవ్వాలి. లోన్ యాప్ జోలికి పోవద్దు.

ఉద్యోగ వేటలో మన జిల్లాల వాళ్లు తమ పనితనాన్ని తక్కువ చేసి రాసుకుంటున్నారు. ‘రొయ్యల కంపెనీలో ఆపరేటర్, ఆరేళ్లు’ అని బయోడేటాలో ఒక్క ముక్క రాస్తే ఎవరికి అర్థమవుతుంది? అమ్మోనియా కంప్రెసర్ నడిపిన మనిషి డెయిరీకీ, ఐస్ ఫ్యాక్టరీకీ, కోల్డ్ స్టోరేజీకీ కూడా పనికొస్తాడు. కంప్రెసర్ ఎన్ని టన్నులది, ప్లేట్ ఫ్రీజరా, బ్లాస్ట్ ఫ్రీజరా, రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ లైనా, గ్యాస్ లీకైతే ఏం చేయాలో శిక్షణ ఉందా అన్నవి రాయాలి. క్వాలిటీ విభాగంలో పనిచేసిన అమ్మాయి హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత తనిఖీ పద్ధతి) రికార్డులు రాశానని చెబితే ఆహార పరిశ్రమ ఏదైనా ఆ మాట పట్టించుకుంటుంది. గ్రానైట్ వాళ్లు గ్యాంగ్‌సా, వైర్‌సా, పాలిషింగ్ లైన్ అని తాము నడిపిన కోత, మెరుగు యంత్రాలను విడివిడిగా రాయాలి.

జాబ్ మేళాలో చెప్పే జీతాన్ని అలాగే నమ్మకూడదు. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికెంత, బస్సు, భోజనం ఎవరిది, ఉద్యోగం కంపెనీదా ఏజెన్సీదా అని అక్కడే అడగాలి. డిపాజిట్ అడిగిన ప్రతి ఉద్యోగం మోసమనే అనుకోవాలి. కువైట్, ఖతర్ ప్రయాణాలకైతే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉండాలి. అతను తీసుకోదగిన సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతే. లక్షలు గుంజేవాళ్లు మన బస్టాండ్ల చుట్టూనే బోర్డులు పెట్టుకుని కూర్చున్నారు. పోలీసులకు ఆ బోర్డులు కనబడవా?

కార్మిక శాఖ కూడా ఫిర్యాదు వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. సీజన్ ముగిసే వేళ ఒకే యూనిట్ నుంచి పదుల సంఖ్యలో ‘వ్యక్తిగత కారణాల’ రాజీనామాలు ఉంటే అవి నిజమైనవో కావో తేల్చడం కష్టమేమీ కాదు. నెల్లూరు, ఒంగోలు అధికారులు హాజరు పట్టీలనూ రాజీనామా లేఖలనూ పక్కపక్కన పెట్టి తనిఖీ చేయాలి. తొలగింపు జరుగుతున్న ప్లాంటు దగ్గరే ఈఎస్‌ఐ, పీఎఫ్ సిబ్బందిని ఒక రోజు కూర్చోబెట్టి, పేర్ల తప్పులు, చివరి తేదీలు అక్కడికక్కడే సరిచేయించాలి.