మ్యాచ్ అయిపోయాక జనం ఇంటికెలా పోవాలి?

మన దగ్గర స్టేడియంలో పెద్ద కార్యక్రమం అనగానే ట్రాఫిక్ ఏర్పాట్లన్నీ రెండు విషయాల చుట్టే తిరుగుతాయి: పార్కింగ్ ఎక్కడ, వీఐపీలు ఏ గేటు నుంచి వస్తారు. జనం లోపలికి చేరేదాకా హడావుడి, తిరిగి పోయేటప్పుడు మాత్రం ఎవరి తిప్పలు వాళ్లవి. అసలు ప్లాన్ వేయాల్సింది ఆఖరు గంట నుంచి వెనక్కి. వచ్చేటప్పుడు జనం రెండు మూడు గంటల్లో విడతలుగా వస్తారు, ఆట ముగిసిందంటే అందరూ ఒక్కసారిగా రోడ్డు మీద పడతారు.

నెల్లూరునే తీసుకోండి. రైల్వే లైను ఊరిని నిలువునా రెండు ముక్కలు చేసింది. అటు నుంచి ఇటు రావాలంటే చాలామందికి మాగుంట లేఅవుట్, విజయమహల్ గేటు, రామలింగాపురం అండర్ బ్రిడ్జిలే దిక్కు. గట్టి వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, వీఆర్సీ గ్రౌండ్‌లోనో పది వేల మంది పోగై, వాళ్లలో సగం మంది బైకుల మీద, కార్లలో వచ్చి ఉంటే, ఆ రాత్రి ఎంతమంది పోలీసులు నిలబడి ఈలలు వేసినా ఆ బ్రిడ్జి కింద దారి వెడల్పయితే పెరగదు కదా!

పార్కింగ్ లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. ఒక కారు నిలబడాలంటే, అటూ ఇటూ తిప్పుకునే దారితో కలిపి, సుమారు 25 చదరపు మీటర్లు కావాలి. వెయ్యి కార్లకు ఆరెకరాల పైమాటే. కారుకు ముగ్గురు చొప్పున లెక్కేసినా ఆ ఆరెకరాలతో వచ్చేది మూడు వేల మందే. అదే మూడు వేల మందిని ఒక్కో దాంట్లో 50 మంది చొప్పున ఎక్కిస్తే 60 బస్సులు చాలు, అవి కూడా రెండు ట్రిప్పులు తిరిగితే 30 సరిపోతాయి. ఊరి నడిబొడ్డున ఆరెకరాల ఖాళీ జాగా ఎవరి దగ్గరుంది?

ఇదేదో మనకు చేతకాని పని అనుకుంటే పొరపాటు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు, స్వర్ణాల చెరువు చుట్టూ వాహనాలను దూరంగా ఆపించడం, ఆర్టీసీ స్పెషల్ బస్సులు నడపడం మన అధికారులకు ఏటా అలవాటైన పనే. కాకపోతే పండుగ జనం రోజుల తరబడి వస్తూ పోతూ ఉంటారు, స్టేడియం జనం గంటలో ఖాళీ అవుతారు. కాబట్టి అదే అనుభవాన్ని మరింత బిగించి వాడుకోవాలి. ఆట ముగిసేసరికే బస్సులు కోవూరు, బుచ్చి, పొదలకూరు, ముత్తుకూరు బోర్డులతో వరసగా నిలబడి ఉండాలి. స్టేడియం గేటుకు ఆనించి కాదు, ఐదు పది నిమిషాలు నడిచేంత దూరంలో. ఆ నడకలోనే గుంపు పలచబడుతుంది.

ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు, ప్రాణాల సంగతి. 2022 డిసెంబర్ 28న కందుకూరులో ఏం జరిగిందో మనం మర్చిపోలేం. ఇరుకు రోడ్డు, పక్కనే కాలువ, విపరీతమైన జనం, తొక్కిసలాటలో ఎనిమిది మంది పోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. సుమారు 35 వేల మంది పట్టే స్టేడియానికి లక్షల మంది వచ్చారు, ప్రాణాలు పోయింది గేట్ల దగ్గర. స్టేడియంలో సీట్లు లెక్కపెట్టి టికెట్లు అమ్ముతారు, మరి బయటి రోడ్డు ఎంతమందిని మోయగలదో లెక్కపెట్టేదెవరు?

చెన్నై మనకు దగ్గరే, నెల్లూరు నుంచి చేపాక్‌కు వెళ్లి మ్యాచ్ చూసొచ్చే కుర్రాళ్లు బోలెడు మంది. అక్కడ స్టేడియం పక్కనే రైల్వే స్టేషన్ ఉంది, ఐపీఎల్‌లో మ్యాచ్ టికెట్ చూపించి సిటీ బస్సులో ఉచితంగా వెళ్లే ఏర్పాటు కూడా చేశారు. 2006లో జర్మనీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో మ్యాచ్ టికెటే ఆ రోజుకు ఆ ఊరి బస్సు, రైలు టికెట్. మనకు మెట్రో లేదు, సిటీ బస్సులు కూడా అంతంత మాత్రమే, ఊరంతా షేర్ ఆటోల మీదే నడుస్తోంది, నిజమే. కానీ టికెట్ ధరలోనే బస్సు ఛార్జీ కలిపి ఆ డబ్బు ఆర్టీసీకి ముందే కట్టమని నిర్వాహకులకు చెప్పడానికి మెట్రో అక్కర్లేదు.

ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది, మంచిదే. రాత్రి పదిన్నరకు కార్యక్రమం ముగిసి, ఊరికి పోయే చివరి బస్సు ఎప్పుడో వెళ్లిపోతే ఆ ఉచితం ఎందుకు పనికొస్తుంది? కూతుర్ని మ్యాచ్‌కు పంపాలా వద్దా అని తండ్రి టెన్షన్ పడేది ఆట గురించి కాదు, తిరిగొచ్చే దారి గురించే.

ఒంగోలులోనూ ఇదే కథ. పీవీఆర్ గ్రౌండ్‌లో సభ ఉందంటే ట్రంక్ రోడ్డు మీద అంబులెన్స్‌కు దారి దొరకడం గగనమే. అందుకే అనుమతి ఇచ్చే దశలోనే గట్టిగా ఉండాలని నేనంటాను. పోలీసులు, ఆర్టీసీ, కార్పొరేషన్ ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. ఎన్ని బస్సులు, ఎక్కడ నిలుస్తాయి, ఏ ఊరికి ఆఖరిది ఎన్నింటికి, అంబులెన్స్ దారి ఏది అన్నది అందులో రాసి, టికెట్లు అమ్మకముందే జనానికి చెప్పాలి. ఆ కాగితం లేని కార్యక్రమానికి, అది ఏ పార్టీదైనా, ఏ హీరోదైనా, అనుమతి ఇవ్వకూడదు.