కాజీపేట బండికి వేరే కంపెనీ కావాలా?

మా నాన్న గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. మా వదిన, అంటే మేనత్త కూతురు, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ నెల పాస్ మీద వెళ్లొస్తుంది. మొన్న ఆదివారం మా ఇంట్లో ఇద్దరికీ గట్టి వాదన జరిగింది. వరంగల్, హైదరాబాద్ మధ్య రోజువారీ బండ్లను కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టే ఒక ప్రత్యేక కంపెనీకి అప్పగించాలని వదిన అంటుంది. నాన్న వద్దంటాడు. నేను వదిన పక్షం, ముందే చెప్పేస్తున్నాను. అయినా నాన్న అడిగిన వాటిలో కొన్నింటికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

వదిన: మామా, కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. పొద్దున ఎలాగో పోతాం. సాయంత్రం ఎన్నింటికి వస్తానో మాత్రం నా బిడ్డకు చెప్పలేను. రోజూ ఇదే టెన్షన్. వెనక ఎక్స్‌ప్రెస్ ఉందంటే మా బండిని లూప్‌లో, అంటే పక్క లైన్లో, పెడతారు. అది దాటాక ఇంకొకటి వస్తుంది. ముప్పావు గంట చీకట్లో కూర్చున్నప్పుడు నేను ఎవరిని అడగాలి?

నాన్న: బండిని ఆపింది సెక్షన్ కంట్రోలర్. ఏ బండి ముందు పోవాలో చెప్పేది ఆయనే.

వదిన: ఆయన తప్పేముంది? ఢిల్లీ బండి, విశాఖ బండి, గూడ్సులు, అన్నీ ఆయన నెత్తి మీదే ఉంటాయి. ఆ వరసలో మా బండి ఆఖరిది. అందుకే రోజూ తిరిగేవాళ్లే తన పని అనుకునే సంస్థ కావాలంటున్నా. ఢిల్లీ–ఘజియాబాద్–మీరట్ మధ్య నమో భారత్ నడుస్తోంది కదా. దానికోసం 2013లో కంపెనీ పెట్టారు. సగం వాటా కేంద్రానిది. ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లది తలా పన్నెండున్నర శాతం. 2023 అక్టోబరులో మొదటి 17 కిలోమీటర్లు తెరిచారు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతోంది.

నాన్న: ఆ బండి కంపెనీ వల్ల టైముకు రావడం లేదు బిడ్డా, పట్టాలు వేరు కాబట్టి వస్తోంది. ఆ లైన్లో గూడ్సు లేదు, ఎక్స్‌ప్రెస్ లేదు. 82 కిలోమీటర్లకు 30 వేల కోట్ల పైచిలుకు మంజూరు చేశారు. అంత సొమ్ముతో మనకూ విడిగా పట్టాలు వేస్తే, ఎవరు నడిపినా బండి టైముకే వస్తుంది. పట్టాలు వేయకుండా కంపెనీ బోర్డు తగిలిస్తే మాత్రం అదే కంట్రోలరు, అదే లూపు. మౌలాలి నుంచి ఘట్‌కేసర్ దాకా నాలుగు లైన్లు చేశారు. అక్కడి నుంచి కాజీపేట వరకు రెండే కదా. ముందు ఆ సంగతి అడగాలి.

(వదిన కాసేపు మాట్లాడలేదు. నాన్న వాదనలో అన్నిటికన్నా బలమైన మాట ఇదేనని నాకనిపించింది.)

వదిన: సరే, ఆ లైన్ల కోసం వెంటపడేది ఎవరు? హైదరాబాద్ లోకల్ బండ్లు, ఎంఎంటీఎస్ సంగతే చూడు. 2003లో మొదలైంది. రెండో దశ 2012లో మంజూరైంది. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలి. మేడ్చల్‌కు బండి వచ్చింది 2023 ఏప్రిల్‌లో. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి వచ్చింది 2024 మార్చిలో. యాదగిరిగుట్ట భక్తుల కోసం రాయగిరి దాకా 33 కిలోమీటర్లు పొడిగిస్తామని 2016లో అన్నారు. ఎవరి వాటా ఎవరు కట్టాలన్న దగ్గరే ఏళ్లు గడిచిపోతే అడిగే దిక్కు లేదు. ముంబైలో లోకల్ బండ్ల కోసం 1999లోనే కంపెనీ పెట్టారు. రైల్వేకు 51, మహారాష్ట్రకు 49 శాతం.

నాన్న: ముంబై కంపెనీ బండ్లు నడపదు. లైన్లు వేస్తుంది, కొత్త రైలు పెట్టెలు తెప్పిస్తుంది. నడిపేది సెంట్రల్, వెస్టర్న్ రైల్వేలే.

వదిన: మనకూ అట్లాంటిదే పెట్టమను. నాకు అదీ సమ్మతమే.

నాన్న: నాకు కంపెనీ అన్న మాటంటేనే భయం. నువ్వు రోజూ పోయే ఈ లైను వేసింది కూడా ఒక కంపెనీయే. 1883లో లండన్‌లో పెట్టారు. పేరులోనే గ్యారంటీ ఉంది, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ బండి ఎక్కినవాడికి కాదు, వాటా కొన్నవాడికి. వాడి పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ఖజానా హామీ ఉంది. ఆ ఏడే హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు ఈ చందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే ఒప్పందం మీద నిలదీశారు. వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఉన్నారు. ఆయనను రాజ్యం నుంచే పంపించేశారు. చివరికి 1930లో నిజాం ప్రభుత్వమే ఆ రైల్వేను కొనుక్కోవాల్సి వచ్చింది.

వదిన: అది ఆ ఒప్పందం తప్పు మామా. మనం రాసుకునే ఒప్పందంలో ప్రయాణికుడికే గ్యారంటీ పెడదాం. బండి ఇంత ఆలస్యమైతే పాస్ డబ్బులో ఇంత వెనక్కివ్వాలని.

నాన్న: ఛార్జీ సంగతి? నమో భారత్‌లో సాహిబాబాద్ నుంచి మీరట్ సౌత్‌కు 42 కిలోమీటర్లకు మామూలు పెట్టెలో 110 రూపాయలు పెట్టారు. నీ పాస్ 150 కిలోమీటర్ల లోపు ఇస్తారు కాబట్టి వరంగల్ వాళ్లకూ అందుతోంది. ఆ పాస్ మీద ఎవరెవరు పోతారో నీకంటే నాకే ఎక్కువ తెలుసు. గార్డు డబ్బాలోంచి ముప్పై ఏళ్లు చూశాను. జనగామలో కాలేజీ పిల్లలు ఎక్కుతారు. ఆలేరులో కూరగాయల గంపలు ఎక్కుతాయి. పెంబర్తిలో ఇత్తడి పని చేసేవాళ్లు మూటలతో ఎక్కుతారు. వంగపల్లిలో నలుగురే ఎక్కుతారు, కానీ ఆ నలుగురికీ వేరే దారి లేదు. రఘునాథపల్లిలో ఆగితే నాలుగు నిమిషాలు పోతాయి, వచ్చేది కొద్ది టిక్కెట్లు. కంపెనీ లెక్కలు వేస్తే మొదట కొట్టేసేది ఆ స్టేషన్లనే. నష్టం వస్తుందని తెలిసీ బండి ఆపేది సర్కారు రైలు ఒక్కటే.

వదిన: ఆ నలుగురినీ వదిలేయమని నేనెప్పుడన్నా? పాస్ ఉండాలి, చిన్న స్టేషన్లు ఉండాలి, ఈ రెండూ కంపెనీ పత్రంలో మొదటి షరతుగా రాయాలి. నష్టం రాష్ట్రం కట్టాలి. మహాలక్ష్మి కింద 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఆ సొమ్ము ప్రభుత్వం ఆర్టీసీకి కడుతోంది కదా. నేను హనుమకొండలో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే ఉప్పల్ దాకా పైసా ఖర్చు లేదు. అయినా డబ్బు కట్టి రైలెక్కుతున్నా. ఉప్పల్ నుంచి ట్రాఫిక్‌లో సికింద్రాబాద్ చేరేసరికి నా పని గంటలు పోతాయి. ఉచితం వదులుకుని వచ్చిన మనిషిని నేను. నాకు కావాల్సింది టైము ఒక్కటే.

(ఈ మాటకు నాన్న తల ఊపాడు. ఉచిత బస్సును వదులుకుని వచ్చే మనిషి ఎంత అవసరంలో ఉంటుందో ఆయనకు తెలుసు.)

నాన్న: అయితే ఒక పని చెయ్యి. కంపెనీ సంగతి తర్వాత. కాజీపేట, సికింద్రాబాద్ రోజువారీ బండ్లకు మాత్రమే జవాబు చెప్పే అధికారి ఒకరు కావాలని అడుగుదాం. రైల్వేలోనే.

వదిన: ఇస్తే కంపెనీ ఊసెత్తను. ఏడాది చూస్తా. ఇవ్వకపోతే మాత్రం అడగడం మానను.

నాన్న: అర్జీ నేను రాస్తా. కానీ ఊరికే ఆలస్యమవుతోంది అంటే ఎవరూ వినరు. ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని నిమిషాలు ఆగిందో కావాలి. నెల రోజులు రాసి పెట్టు.

వదిన: రాత్రి పూట పొలాల మధ్య ఆగితే అది ఎక్కడో నాకెట్లా తెలుస్తుంది మామా?

నాన్న: కిటికీ పక్కన కూర్చో. ఫోన్ లైటు వేసి కరెంటు స్తంభం చూడు. దాని మీద రెండు నంబర్లుంటాయి. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో చెబుతుంది. ఆ రెండూ, టైమూ రాసుకో. మిగతాది నేను చూసుకుంటా.