ప్రాస పాదం చివర ఉండదు, యతి ఆగే చోటు కాదు

పద్యం నేర్చుకోవాలనుకునే వాళ్ల ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ‘పాదాల చివర ఒకే శబ్దం వస్తే ప్రాస, చదివేటప్పుడు ఆగే చోటు యతి, పాదానికి 20 అక్షరాలుంటే ఉత్పలమాల’ అని దాని సారాంశం. మూడూ తప్పే. అందరికీ నోటికొచ్చిన పోతన పద్యం మీదే సరిచూసుకోవచ్చు:

ఎవ్వనిచే జనించు జగమెవ్వనిలోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందు బరమేశ్వరుడెవ్వడు మూలకారణం
బెవ్వడనాదిమధ్యలయుడెవ్వడు సర్వము దానయైన వా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్

పాదాల చివర మై, ణం, వా, దన్. ఎక్కడా పోలిక లేదు. ప్రాస ఉన్నది రెండో అక్షరంలో: నాలుగు పాదాల్లోనూ ‘వ్వ’. హల్లు అదే రావాలి, అచ్చు మారినా ఫరవాలేదు. కానీ ద్విత్వానికి ద్విత్వమే. ఒక పాదంలో ‘ఎవ్వడు’ అని, మరో పాదంలో ‘ఎవడు’ అన్నారంటే ప్రాస చెడినట్టే. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. చివర శబ్దం కలిస్తే అది అంత్యప్రాస, కవి ఇష్టం. పద్యానికి అది నియమం కాదు.

యతి సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామమే, ఈ పొరపాటు అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. తెలుగులో మాత్రం పాదం మొదటి అక్షరంతో యతిస్థానంలోని అక్షరం కలవాలి. పై పద్యం ఉత్పలమాల, దానికి ఆ స్థానం 10వ అక్షరం. మొదటి పాదంలో లెక్కపెట్టండి: ఎ, వ్వ, ని, చే, జ, నిం, చు, జ, గ, మె. ‘జగము’ అనే మాట మధ్యలోనే యతి పడింది, అక్కడ ఆగితే మాట విరిగిపోతుంది. మరి ‘ఎ’కూ ‘మె’కూ పొత్తెలా? సంధి విప్పితే జగము + ఎవ్వని, లోపలున్నది ‘ఎ’. రెండో పాదంలో పరమ + ఈశ్వరుడు, నాలుగులో ఆత్మభవున్ + ఈశ్వరున్. ఎ, ఈ ఒకే యతి వర్గం (ఇ, ఈ, ఎ, ఏ) కాబట్టి చెల్లుతాయి. సంధి విప్పకుండా పైపైన చూసేవాళ్లకు ఇక్కడ యతి తప్పినట్టే కనిపిస్తుంది.

పాదం చివరా ఆగే పనిలేదు: ‘కారణం/బెవ్వడు’, ‘వా/డెవ్వడు’ అని మాటలు పాదం దాటిపోయాయి.

ఇక 20 అక్షరాల లెక్క. మత్తేభం అనే మరో రకం పద్యానికీ పాదానికి 20 అక్షరాలే. తేడా గణాల్లో, అంటే గురువులూ (బరువుగా పలికే అక్షరాలు) లఘువులూ (తేలికగా పలికేవి) వచ్చే గుంపుల్లో ఉంది: ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ, మత్తేభానికి స, భ, ర, న, మ, య, వ, యతి 14వ అక్షరం. లెక్కలో సున్ననూ పొల్లునూ విడిగా ఎంచకూడదు. ‘వేడెదన్’ మూడక్షరాలే, న్ వల్ల ‘ద’ గురువవుతుంది.

ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ప్రాస నియమమే లేదు. పైగా వాటిలో యతికి బదులు ప్రాసయతి (యతిస్థానం పక్కన ఉన్న అక్షరాన్ని పాదం రెండో అక్షరంతో కలపడం) వేయొచ్చు. వేమన ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో చూ, జా అచ్చులు కలవవు. చూడ, జాడల్లోని రెండో అక్షరం ‘డ’ కలిసి యతి నిలబడింది.