ఒప్పుకోక తప్పని ఒప్పందం

ఒప్పందమంటే ఇద్దరు కూర్చుని ఒప్పుకునేదని మనం అమాయకంగా నమ్ముతాం. అమెరికా ప్రభుత్వం ఈ పొరపాటును సవరించింది. అక్కడ 3.5 కోట్ల డాలర్లు, ఆపైన ఖర్చయ్యే ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) కట్టడం ఏదైనా సరే, కాంట్రాక్టర్ ముందుగా యూనియన్లతో ప్రాజెక్ట్ లేబర్ అగ్రిమెంట్, అంటే ఆ ఒక్క పనికి కార్మికుల షరతులు తేల్చే ఒప్పందం, కుదుర్చుకోవాలి. 2022 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన ఆదేశమిది. బేరమాడుకోవచ్చు. బేరం కుదరకపోవడం మాత్రం కుదరదు. మినహాయింపులూ ఉన్నాయి, పైఅధికారి కాగితం మీద రాసిస్తే.

పని పూర్తయ్యేదాకా సమ్మెకు దిగబోమని యూనియన్లు, లాకౌట్ చేయనని కాంట్రాక్టర్ మాటిచ్చుకుంటారు. దీన్ని వెక్కిరించడానికి నాకు మనసు రావట్లేదు. స్లాబ్ సగంలో ఉండగా కాంక్రీటు మిల్లర్ ఆగిపోతే ఎంత టెన్షనో ఇల్లు కట్టినవాణ్ణి అడగండి.

తర్వాతి పేజీ సంగతి వేరు. చాలా ఒప్పందాల్లో పనివాళ్లు యూనియన్ హాల్ (యూనియన్ మనుషుల్ని పనికి పంపే ఆఫీసు) జాబితాలోంచే రావాలి. ఆ దేశంలో నిర్మాణ కార్మికుల్లో యూనియన్ సభ్యులు నూటికి పదిమంది, చిల్లర. మిగతావాళ్లతో పని నడిపే చిన్న కాంట్రాక్టర్, పదేళ్లుగా తన దగ్గరున్న మేస్త్రిని గేటు బయట నిలబెట్టి, ముఖమైనా తెలియని మేస్త్రిని "దయచేయండి" అనాలి. పాత మేస్త్రి ఎలాగో లోపలికొచ్చాడే అనుకోండి, అతని పేరున కట్టే పింఛను సొమ్ము యూనియన్ నిధికి పోతుంది. అందులో హక్కు పుట్టడానికి కావలసినన్నేళ్లు పనిచేయకపోతే ఆ డబ్బు అతనిది కాదు. దీన్నే కార్మిక సంక్షేమం అంటారు.

ఈ సంక్షేమం ఎప్పుడు మంచిదో, ఎప్పుడు చెడ్డదో వైట్‌హౌస్ చెబుతుంది. 1992లో తండ్రి బుష్ ఈ ఒప్పందాల షరతు వద్దన్నారు. 1993లో క్లింటన్ ఆ వద్దనడాన్నే వద్దన్నారు. 2001లో కొడుకు బుష్ తండ్రి మాట నిలబెట్టారు. 2009లో ఒబామా, పెట్టుకుంటే బాగుంటుందన్నారు. బైడెన్ పెట్టి తీరాలన్నారు. 2025 జనవరిలో ప్రభుత్వ కాంట్రాక్టు తగాదాలు వినే ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు, ఈ షరతుపై కేసు వేసిన కాంట్రాక్టర్ల వైపు తీర్పిచ్చింది, అదీ వాళ్ల టెండర్ల మేరకే. ఆదేశానికి దెబ్బ తగల్లేదు.

మర్నాడే ట్రంప్ వచ్చారు. ఇక పీడ విరగడైందనుకున్నారు యూనియన్‌తో పనిలేని కాంట్రాక్టర్లు. బైడెన్ ఆదేశాలను పదులకొద్దీ చించేసిన ఆయన, దీన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు. అమల్లోనే ఉందని జూన్‌లో ఆయన బడ్జెట్ కార్యాలయమే కాగితం రాసిచ్చింది.

అందుకే నాదొక సలహా. పునాదికీ స్లాబుకీ మధ్య ఎన్నికలొస్తే ఎవరి మాట చెల్లుతుందో టెండర్ ఫారంలో ఒక గడి పెట్టండి. దానికీ ఓ ఒప్పందం రాసుకోండి, ఎలాగూ సంతకం పెట్టక తప్పదు. ఆ పాత మేస్త్రి గేటు బయటే ఉన్నాడు, చేతిలో తాపీ పట్టుకుని, తాపీగా.