రద్దు చేయకుండానే పోయే పౌరసత్వం

వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చేసింది. 30 లక్షలు కట్టమంది, అందులో 25 లక్షలు ఏళ్ల తరబడి పోరాడిన ఎన్నికల ప్రత్యర్థి ఆది శ్రీనివాస్‌కి. రమేశ్ దరఖాస్తు పెట్టుకుని పొందిన భారత పౌరసత్వం చెల్లుతుందా అని 2009లో మొదలైన గొడవ ఇది. ఈ 15 ఏళ్లలో రమేశ్ ఉప ఎన్నికతో కలిపి నాలుగుసార్లు గెలిచారు, మాజీ కూడా అయిపోయారు.

ఇంత ఆలస్యమా అని తిట్టుకోవడం తేలికే. కానీ ఆ ఆలస్యంలో కొంత, చట్టం ఆయనకిచ్చిన రక్షణ. 1955 నాటి పౌరసత్వ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు పెట్టుకుని పొందిన పౌరసత్వాన్ని మోసం వల్లో, నిజం దాచడం వల్లో వచ్చిందని తేలితే కేంద్రం రద్దు చేయొచ్చు. ఊరికే కాదు. నోటీసు ఇవ్వాలి, కోరితే విచారణ కమిటీ వేయాలి. తప్పు రుజువైనా సరిపోదు, ఈ మనిషి పౌరుడిగా కొనసాగడం ప్రజలకు మేలు కాదని కూడా తేల్చుకోవాలి. 2017లో హోం శాఖ ఇచ్చిన రద్దు ఉత్తర్వును 2019 జులైలో హైకోర్టు కొట్టేసి, ఈ చివరి సంగతి కూడా చూడమని వెనక్కి పంపింది. నవంబరులో హోం శాఖ మళ్లీ రద్దు చేసింది.

నా మట్టుకు నాకు ఆ రద్దు న్యాయంగానే అనిపిస్తుంది. దరఖాస్తుకు ముందు ఏడాది పాటు ఇక్కడే ఉండాలన్నది షరతు. మధ్యలో విదేశాలకు వెళ్లొచ్చిన సంగతి ఆయన దాచారన్నది తేలిన విషయం. పైగా చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది, ఏ దేశమూ లేనివాడు కాలేదు.

పుట్టుకతో పౌరులైనవాళ్లకు ఈ 10వ సెక్షన్ వర్తించదు. హమ్మయ్య అనుకునేలోపు అస్సాం గుర్తొస్తుంది. ఎవరు విదేశీయులో తేల్చే అక్కడి ఫారినర్స్ ట్రిబ్యునల్స్ ఎవరి పౌరసత్వాన్నీ రద్దు చేయవు. నువ్వు అసలు పౌరుడివే కాదంటాయి. రద్దు అనే మాటే లేదు కాబట్టి ఆ కమిటీ లేదు, ప్రజలకు మేలా కాదా అన్న ప్రశ్నా లేదు. భారతీయుణ్నని రుజువు చేసుకునే భారం కూడా ఆ మనిషిదే.

నల్బరీ జిల్లాలో ఒకాయన్ను 2012లో ఇలాగే విదేశీయుడన్నారు. కాగితాల్లో పేర్ల స్పెల్లింగులు, తేదీలు కలవలేదట. మన ఇళ్లలో చూడండి: అమ్మ పేరు రేషన్ కార్డులో లక్ష్మి, ఓటరు కార్డులో లక్ష్మమ్మ, భూమి పాసుబుక్కులో మహాలక్ష్మి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. పుట్టిన తేదీ బడిలో చేర్చిన మాస్టారు వేసిందే. ఆ లెక్కన ఎంతమందిమి మిగులుతాం?

సుప్రీంకోర్టు 2024 జులైలో ఆయన్ను భారతీయుడేనంది. చిన్న చిన్న తేడాలు పట్టుకుని పౌరుణ్ని కాదనలేరనీ, చేతిలో ఏ ఆధారమూ లేకుండా అనుమానంతో ఎవర్నిబడితే వాళ్లను పిలిచి రుజువు చేసుకోమనడం కుదరదనీ చెప్పింది. మంచి తీర్పు. కాకపోతే అది వచ్చేసరికి ఆయన బతికి లేరు.

జర్మనీ పాస్‌పోర్టున్న ఎమ్మెల్యేకి దొరికిన కమిటీ, ప్రజాహిత పరీక్ష, వేరే ఏ దేశమూ లేని కూలీకి ఎందుకు దొరకవు? రెండు కేసుల్లోనూ చివరికి పోయేది ఒకటే అయినప్పుడు, ట్రిబ్యునల్ ముందు నిలబడే మనిషికీ కనీసం 10వ సెక్షన్‌లో ఉన్నంత విచారణ ఉండాలి. రుజువు భారం ముందు ప్రభుత్వం మీద ఉండాలి.