బొకే పట్టుకున్న భాగస్వామ్యం

ఆడపిల్లల్ని మనం పట్టించుకోవడం లేదని ఈ మధ్య ప్రతివాళ్లూ అనేస్తున్నారు. ఇది అన్యాయం. ఒకసారి క్యాలెండర్ తీసి చూడండి. జనవరి 24 జాతీయ బాలికా దినోత్సవం. మార్చి 8 ఎలాగూ మహిళలది. అక్టోబర్ 11 అంతర్జాతీయ బాలికా దినోత్సవం, 2012 నుంచి ఐక్యరాజ్య సమితి వారి లెక్కలో కూడా ఉంది. ఈ మూడు రోజులూ మనం ఫ్లెక్సీలు కడుతున్నాం, ర్యాలీలు తీస్తున్నాం, ప్రతిజ్ఞలు చేయిస్తున్నాం. పాపం మగపిల్లలు, మిగతా 362 రోజులూ తమ పేరున ఒక్క సభ కూడా లేకపోయినా నోరెత్తకుండా సర్దుకుపోతున్నారు. వాళ్ల త్యాగం గురించి ఎవరూ రాయరు.

డబ్బు ఖర్చు పెట్టడం లేదనే ఆరోపణకీ అర్థం లేదు. 2015 జనవరి 22న పానిపట్‌లో 'బేటీ బచావో బేటీ పఢావో' మొదలైంది. 2016 నుంచి 2019 దాకా ఆ పథకానికి 446.72 కోట్ల రూపాయలు విడుదల చేశారు. అందులో 78.91 శాతం ప్రచారానికే పోయిందని మహిళా సాధికారతపై వేసిన పార్లమెంటరీ కమిటీ 2021లో తప్పుపట్టింది. కమిటీ వారిది మరీ చాదస్తం. ఆడపిల్లని చదివించాలంటే ముందు ఆడపిల్లని చదివించాలి అనే సంగతి గోడ మీద రాయాలి కదా. గోడకి సున్నం వెయ్యాలి, అక్షరాలకి రంగు కొనాలి, రాసినవాడికి కూలి ఇవ్వాలి. ఇవన్నీ పోగా మిగిలిన ఇరవై ఒక్క శాతంతో ఎంత చదువు వస్తే అంతే వస్తుంది. అసలు నన్నడిగితే ఆ ఇరవై ఒక్క శాతం ఎలా మిగిలిపోయిందో విచారణ జరిపించాలి.

ఈ నేపథ్యంలో 'అభివృద్ధి కార్యక్రమాల్లో కౌమార బాలికల భాగస్వామ్యం' అనే అంశం మీద ఒక మండలంలో జరిగిన సభ గురించి సవివరంగా చెప్పడం నా బాధ్యత. ఏ మండలమని అడక్కండి. మీ మండలమే అనుకోండి, పెద్ద తేడా ఏమీ రాదు.

సభ పదింటికి. బాలికలు తొమ్మిదిన్నరకే పట్టాల మీద వరసగా కూర్చున్నారు. అంతకు ముందే, అంటే ఏడింటి నుంచే, తొమ్మిదో తరగతి పిల్లలు గేటు దగ్గర ముగ్గులు వేశారు. వేదిక వెనక పన్నెండడుగుల ఫ్లెక్సీ. పై వరసలో రాష్ట్ర స్థాయి నాయకులు, రెండో వరసలో జిల్లా స్థాయి, మూడో వరసలో ఫ్లెక్సీకి డబ్బులిచ్చినవాళ్లు. నేను లెక్కపెట్టాను, మొత్తం పద్నాలుగు మంది మగవాళ్లు. కింద కుడివైపు మూలన రెండు జడలేసుకుని నవ్వుతున్న ఒక బాలిక. ఆ పిల్ల మన మండలం పిల్ల కాదు, ఇంటర్నెట్‌లోంచి దించిన పిల్ల. అయినా ప్రాతినిధ్యం అంటే ప్రాతినిధ్యమే.

ముఖ్య అతిథి పన్నెండూ నలభైకి వచ్చారు. ఎండ పట్టాల మీదికి వచ్చేసింది గానీ, వేదికకి షామియానా ఉంది కాబట్టి ఇబ్బంది కలగలేదు. బొకే ఇవ్వడానికి కాస్త పొడుగ్గా, చూడచక్కగా ఉన్న ఇద్దరు అమ్మాయిల్ని రెండు రోజుల ముందే ఎంపిక చేసి లంగా ఓణీలు కట్టుకు రమ్మన్నారు. ప్రార్థన గీతం బాలికలే పాడారు. స్వాగత నృత్యం బాలికలే చేశారు. జ్యోతి ప్రజ్వలన సమయంలో పళ్లెం, అగ్గిపెట్టె పట్టుకున్నది బాలికలే. వక్తలకి టీ, బిస్కట్లు అందించింది కూడా బాలికలే. ఇంతకన్నా భాగస్వామ్యం ఇంకెలా ఉంటుందో విమర్శకులే చెప్పాలి.

మగపిల్లల్ని కూడా వదిలెయ్యలేదు. బెంచీలు మోయించారు, సౌండ్ బాక్సులు దింపించారు, పని అయ్యాక గ్రౌండ్‌లో ఆడుకోమని పంపేశారు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వరకు అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఇద్దరికీ వర్తిస్తుందని ఒక ఏఎన్ఎం గుర్తు చేసినట్టున్నారు. కానీ సమానత్వం గురించి మగపిల్లలకి ఇప్పటి నుంచే చెప్పి వాళ్ల బుర్ర పాడు చెయ్యడం ఎందుకని పెద్దలు భావించారు. ఆడపిల్లలకి చెబితే చాలు, ఎలాగూ సర్దుకుపోవాల్సింది వాళ్లే కదా.

పదో తరగతి అమ్మాయి ఒకామె ప్రసంగించింది. "నాకీ అవకాశం కల్పించిన పెద్దలకు హృదయపూర్వక ధన్యవాదాలు" అని మొదలుపెట్టి, ఝాన్సీ లక్ష్మీబాయి మీదుగా కల్పనా చావ్లా దాకా ఎక్కడా తడబడకుండా వెళ్లింది. కాగితం మీది చేతిరాత తెలుగు మాస్టారిది. బాలికల గొంతు వినిపించాలన్నది సభ లక్ష్యం, గొంతు కచ్చితంగా ఆ అమ్మాయిదే.

తర్వాత కార్యక్రమ సరళిలో 'బాలికల అభిప్రాయ సేకరణ, అయిదు నిమిషాలు' అని ఉంది. ఎవరు ఏం అడగాలో ముందే పంచి ఉంచారు. నలుగురు అడిగారు, నాలుగింటికీ జవాబులు కూడా రాసుకొచ్చినవే కాబట్టి సజావుగా సాగింది. అంతలో జాబితాలో లేని ఒక పిల్ల లేచింది. ఎనిమిదో తరగతి. మైకు తీసుకోవడం కూడా సరిగ్గా రాలేదు, కుయ్యిమంది.

"సార్, మా బాత్రూమ్ తలుపుకి లోపల గడియ లేదు. ఒకళ్లు లోపలికెళ్తే ఇంకొకళ్లు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. అందుకని ఆ రోజుల్లో కొంతమంది బడికే రావట్లేదు సార్."

హెడ్మాస్టర్ గారు ఆ పిల్ల వైపు చూశారు. లేడీ టీచర్ గారు నేల వైపు చూశారు. ముఖ్య అతిథి మాత్రం అనుభవజ్ఞులు. "చూశారా, ఎంత ధైర్యంగా మాట్లాడిందో! శభాష్ తల్లీ! అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!" అన్నారు. కొట్టారు. ఆ పిల్లని వేదిక మీదికి పిలిచి పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వచ్చింది. మినిట్స్ పుస్తకంలో 'పారిశుద్ధ్యంపై బాలికలు ఉత్సాహంగా తమ అభిప్రాయాలు పంచుకున్నారు' అని నమోదైంది.

గడియ సంగతి ఏమైందని అడిగే తొందరపాటు మనుషులు కొందరుంటారు. వారికి పరిపాలన తెలియదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో 'స్వేచ్ఛ' అని పెట్టి ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది న్యాప్‌కిన్లు ఇచ్చారు. న్యాప్‌కిన్లకి ఒక పద్దు ఉంది. గడియకి లేదు. తలుపు కట్టినప్పటిదా, మరమ్మతుదా, పంచాయతీదా, స్కూల్ కమిటీదా అని తేలాలి. తేలాక అంచనా వెయ్యాలి. ముప్పయ్యో నలభయ్యో రూపాయల ఇనప ముక్కకి అంచనా ఎవరు వేస్తారు, ఏ ఇంజనీరు సంతకం పెడతాడు? అదే గడియ కోటి రూపాయలైతే ఈపాటికి శంకుస్థాపన అయిపోయేది.

పైగా ఆ రోజు సభ ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో అయిదోది, అంటే లింగ సమానత్వం మీద. మొత్తం పదిహేడు లక్ష్యాలున్నాయి. మరుగుదొడ్లు ఆరో లక్ష్యం కింద వస్తాయి. ఆ పిల్ల తప్పు లక్ష్యం రోజున లేచింది. 2030 దాకా గడువుంది, అంత కంగారేమిటి.

రోజర్ హార్ట్ అని ఒకాయన 1992లో యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశాడు. పెద్దలు తమ మాటలు పిల్లల చేత పలికించడం మొదటి మెట్టు. పిల్లల్ని అలంకరణకి నిలబెట్టడం రెండోది. పేరుకి ఒకరిద్దర్ని కూర్చోబెట్టడం మూడోది. ఈ మూడూ అసలు భాగస్వామ్యమే కాదని, నాలుగో మెట్టు నుంచే లెక్క మొదలవుతుందని ఆయన అభిప్రాయం. ఆయన ఎప్పుడూ మన సభలకి రాలేదనుకుంటా. వచ్చి ఉంటే ఒకే పూటలో మూడు మెట్లూ ఎక్కి, భోజనాల టైముకి దిగి వచ్చిన మండలాన్ని చూసి శాలువా కప్పేవాడు. నాలుగో మెట్టు మీద ఏముందంటే, పిల్లలకి పని ఒప్పజెప్పి అది ఎందుకో వివరంగా చెప్పాలట. వివరంగా చెబితే వాళ్లు ప్రశ్నలడుగుతారు. గడియ గుర్తుంది కదా.

ఇంకో సంగతి, సభకి సర్పంచ్ గారు కూడా విచ్చేశారు. ఇద్దరూ విచ్చేశారు. ఎన్నికైన సర్పంచ్ గారు మూడో కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకున్నారు, వారి భర్త సర్పంచ్ గారు మాట్లాడారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు మహిళలకి మూడో వంతు సీట్లన్నారు, మన తెలుగు రాష్ట్రాలు రెండూ దాన్ని సగం చేశాయి. భార్యల తరఫున పెత్తనం చేసే భర్తల మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చి, కఠినమైన శిక్షలుండాలని సిఫారసు చేసింది. ఇది ఒక అన్యోన్య దాంపత్యాన్ని అపార్థం చేసుకోవడమే. ఆవిడకి సంతకం శ్రమ, ఆయనకి మిగతా శ్రమ. పట్టాల మీద కూర్చున్న ఆడపిల్లలు భవిష్యత్తులో తాము నాయకులైతే ఎలా ఉంటుందో ఆ రోజు కళ్లారా చూసుకున్నారు. ఇలాంటి ప్రాక్టికల్స్ ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి?

ఇక ఇంటి దగ్గర భాగస్వామ్యం సంగతికొస్తే మన రికార్డు తిరుగులేనిది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేస్తామన్న మగవాళ్లు 97 నిమిషాలు. అమ్మాయిల్ని అభివృద్ధిలోకి రమ్మని ప్రత్యేకంగా పిలవాల్సిన పనేముంది, అంట్ల దగ్గర ఎప్పుడో భాగస్వాములు. వీళ్లు గ్రామసభకి రాకపోతే ఆసక్తి లేదని రిపోర్టు రాస్తాం. సాయంత్రం ఆరింటికి సభ పెట్టేదీ మనమే, ఆరింటికి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టమనేదీ మనమే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, అంటే 2019-21లో, పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. అమ్మాయిలకి నెలనెలా రక్తం పోతుంది కాబట్టి కొంత తేడా సహజమేనని డాక్టర్లంటారు. మిగతా తేడా ఎక్కడిదో తెలుసుకోవాలంటే సర్వే అక్కర్లేదు. ఇంట్లో గుడ్లు రెండే ఉన్న రోజున ఎవరి కంచంలోకి వెళ్తాయో ఒక పూట పక్కన కూర్చుని చూస్తే చాలు. ప్రభుత్వం వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తోంది. మాత్ర మింగించడానికి టీచర్ ఉంది. గుడ్డు తినిపించడానికి మాత్రం ఏ శాఖా లేదు. "వాడు పెరిగే పిల్లాడు" అని నాయనమ్మ అన్నాక ఇక అప్పీల్ ఉండదు.

ఫలితాల రోజున మాత్రం మన పత్రికలు ఆడపిల్లల్ని నెత్తిన పెట్టుకుంటాయి. ఇంటర్ ఫలితాలు రాగానే 'బాలికలదే పైచేయి' అనే శీర్షిక ప్రతి ఏటా ఠంచనుగా వస్తుంది. గాల్లోకి ఎగురుతున్న అమ్మాయిల ఫొటో, అందరి చేతుల్లో రెండు వేళ్లు. పైచేయి అయిన మర్నాటి నుంచి సంబంధాలు చూడటం మొదలవుతుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3. జాతీయ సగటుని అధిగమించిన రంగాల జాబితా రాష్ట్రాలన్నీ అసెంబ్లీలో చదువుకుంటుంటాయి, ఇదెందుకో ఎప్పుడూ ఆ జాబితాలో కనపడదు. అది మన నిరాడంబరత.

మాలావత్ పూర్ణ సంగతి మాట్లాడని సభ ఉండదు. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టి, సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ రోజు సభలో కూడా ఒక వక్త ఆమె పేరు చెప్పి, ఎత్తు 8,848 మీటర్లని గుర్తుచేసి, పిల్లలంతా అలా ఎదగాలని కోరారు. వారి అమ్మాయి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంది. జూనియర్ కాలేజీ పక్క మండలంలో, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆటోలో వెళ్లిరావాలి, దారిలో కుర్రాళ్లుంటారు, రోజులు బాగాలేవు కాబట్టి మాన్పించారు. కుర్రాళ్లని మాన్పించే ఆలోచన ఎవరికీ రాలేదు. వాళ్లు ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు, కల్వర్టు ఎక్కి కూర్చుంటే చాలు.

ఇంత జాగ్రత్తగా ఎందుకుంటున్నామని అడిగేవాళ్లకి దూబగుంట గుర్తుచేస్తాను. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత పేరుతో రాత్రి బడులు పెట్టారు. ఆడవాళ్లు నాలుగక్షరాలు నేర్చుకుని వేలిముద్ర బదులు సంతకం పెడితే చాలన్నది అప్పటి అంచనా. వాళ్లు చదివిన పాఠాన్ని ఇంటికి తీసుకెళ్లి మొగుడి సారా సీసా పక్కన పెట్టి చూసుకున్నారు. దూబగుంట ఆడవాళ్లలో రోశమ్మ ముందు నిలబడింది, ఊరి సారా దుకాణం మూతపడింది, వేలంపాటలు ఆగిపోయాయి, జిల్లా దాటి మంట పాకింది. 1993లో రాష్ట్రం మొత్తం మీద సారా నిషేధించాల్సి వచ్చింది. 1995లో ఏకంగా సంపూర్ణ మద్యనిషేధమే పెట్టాల్సి వచ్చింది. దాన్ని ఎత్తేసి, ఖజానాని మళ్లీ దారిలో పెట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది. ముగ్గులేసి వెళ్లిపొమ్మంటే ఇంత నష్టం జరిగేదా?

మండలంలో ఆ అనుభవమున్న పెద్దలు ఇంకా ఉన్నారు కాబట్టే, సభ అయ్యాక కౌమార బాలికల సమస్యల పరిష్కారానికి ఒక కమిటీ వేశారు. అందులో ఆరుగురు పెద్దలు, ఒక బాలిక. ఆ బాలిక ఎవరో కాదు, గడియ అడిగిన పిల్లే. ధైర్యవంతురాలు కదా. మీటింగులు నెలకోసారి, మండలాఫీసులో, పదకొండింటికి. ఆ టైములో ఆ పిల్లకి లెక్కల క్లాసు, పైగా బడి వదిలి వెళ్లాలంటే హెడ్మాస్టర్ గారి అనుమతి కావాలి. హెడ్మాస్టర్ గారు ఆ టైముకి కమిటీ మీటింగులో ఉంటారు. ఇప్పటిదాకా ఏ నెలా కోరం తగ్గలేదు, తీర్మానాలన్నీ ఏకగ్రీవమే.